హాఫ్ మారథాన్‌కి పద్నాలుగు ఆదివారాలు

ప్రశ్న: మేడమ్, నమస్తే. నాకు 42 ఏళ్లు. విశాఖపట్నంలో బ్యాంకులో పని చేస్తున్నాను. ఇద్దరు పిల్లలు. మూడేళ్లుగా పొద్దున్నే నడుస్తున్నాను, ఏడాది నుంచి పరుగు కూడా మొదలుపెట్టాను. మార్చిలో 10కె, అంటే పది కిలోమీటర్ల పరుగు, గంటా 16 నిమిషాల్లో పూర్తి చేశాను. ఆ సంబరంలో ఉండగా మా కొలీగ్ డిసెంబర్‌లో బీచ్ రోడ్డులో జరిగే 21 కిలోమీటర్ల హాఫ్ మారథాన్‌కి తనతో పాటు నా పేరూ ఇచ్చేసింది, డబ్బు కూడా కట్టేసింది. ఇంకా 14 వారాలుంది. ఇప్పటివరకు నేను 12 కిలోమీటర్లు దాటి పరిగెత్తలేదు. పైగా ఎనిమిది దాటాక కుడి మోకాలు బయటి పక్కన సూదితో పొడిచినట్టు ఉంటోంది. మా అత్తయ్య ‘ఈ వయసులో మోకాళ్లు అరగదీసుకుంటావా’ అంటున్నారు. కటాఫ్, అంటే పరుగు పూర్తి చేయడానికి ఇచ్చే గడువు, మూడున్నర గంటలట. అందరూ వెళ్లిపోయాక నేనొక్కదాన్నే రోడ్డు మీద మిగిలితే? తలచుకుంటేనే టెన్షన్. వెళ్లమంటారా, పోయిన డబ్బు పోయిందని ఊరుకోమంటారా?

– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: వెళ్లండి. కానీ ఈ వారం దూరం పెంచొద్దు. ముందు మోకాలి సంగతి చూసుకోవాలి.

మీరు నొప్పిని చాలా స్పష్టంగా రాశారు. మోకాలి చిప్ప చుట్టూ కాదు, బయటి పక్కన. మొదట్లో కాదు, ఎనిమిది కిలోమీటర్లు దాటాక. తుంటి నుంచి తొడ బయటి వైపుగా మోకాలి కింది దాకా ఒక మందమైన పట్టీ ఉంటుంది, ఐటీ బ్యాండ్ అంటారు. పరిగెత్తేవాళ్లలో ఇలాంటి నొప్పికి ఎక్కువగా కారణం అదే. మెట్లు దిగేటప్పుడు, పల్లంలోకి పరిగెత్తేటప్పుడు కూడా నొప్పి పెరుగుతోందా, గమనించండి. పెరుగుతుంటే అనుమానం ఇంకా బలపడుతుంది. అయినా ఉత్తరం చదివి నేను తేల్చగలిగేది కాదు. పరుగు గురించి తెలిసిన ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి ఒకసారి వెళ్లండి, మీ కాలు చూసి చెప్పడం వాళ్ల పని. మోకాలు వాచినా, బిగుసుకుపోయినా, నడుస్తుంటే ఒక్కసారిగా పట్టు తప్పినట్టు అనిపించినా మాత్రం ఆర్థోపెడిక్ డాక్టర్‌కే చూపించండి.

ఈ నొప్పి మోకాలి దగ్గర తెలుస్తుంది గానీ, చాలామందిలో బలహీనత తుంటి దగ్గర ఉంటుంది. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం మీది, పిరుదుల కండరాలకు పని ఉండదు. వారానికి మూడు రోజులు, పావుగంట చాలు. పక్కకు తిరిగి పడుకుని పై కాలు నిటారుగా లేపి దించడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తి పది లెక్కపెట్టడం, మెట్టు మీద ఒంటికాలితో నిలబడి రెండో కాలి మడమ నేలను తాకేదాకా నెమ్మదిగా కిందికి దిగడం. టీవీ ముందైనా చేసుకోవచ్చు. ఇంకో చిన్న విషయం. మన రోడ్లు మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా ఉంటాయి. రోజూ ఒకే అంచున పరిగెత్తితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. ఆర్కే బీచ్ దగ్గర పొద్దున్నే వాహనాలు ఆపేసే చోట రోడ్డు మధ్యలో పరిగెత్తండి. షూస్ ఎప్పుడు కొన్నారో కూడా గుర్తు చేసుకోండి. ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా పనికొస్తుంది. మూడేళ్ల నడకా, ఏడాది పరుగూ ఒకే జతతో అయితే వాటికి సెలవిచ్చేయండి. కొత్తవి సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.

అత్తయ్య గారి మాటను కొట్టిపారేయకండి. మనసులో భయం ఉండబట్టే ఆమె అలా అంటున్నారు, ఆ భయానికి జవాబుంది. 2017లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షలో, మనలా ఆరోగ్యం కోసం, సరదా కోసం పరిగెత్తేవాళ్లలో మోకాలి, తుంటి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందిలో కనిపించింది. అసలు పరిగెత్తనివాళ్లలో అది 10.2 శాతం. ఏళ్ల తరబడి పోటీల్లో పరిగెత్తేవాళ్లలో 13.3 శాతం. పరిగెత్తినందుకే కీళ్లు బాగుపడ్డాయని ఈ లెక్క చెప్పదు. మీలాంటి పరుగుతో అరిగిపోతాయన్న భయానికి మాత్రం ఆధారం లేదని తెలుస్తుంది. ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఈ అంకెలు చెప్పండి. ఫిజియో దగ్గరికి వెళ్లేటప్పుడు వీలైతే తోడు తీసుకెళ్లండి.

ఇక అసలు సంగతి. మీరు దూరానికి భయపడుతున్నారు. మొదటిసారి హాఫ్ పరిగెత్తేవాళ్లని దెబ్బతీసేది దూరం కాదు, వేగం.

నా మొదటి హాఫ్ పదకొండేళ్ల కిందట, 47 ఏళ్లప్పుడు. హైదరాబాద్‌లో ఆగస్టు ఆదివారం. రాత్రంతా వాన కురిసి ఆగింది, గాలి కూడా తడిగా ఉంది. ప్రాక్టీసులో నాది కిలోమీటరుకు ఎనిమిది నిమిషాల పరుగు. ఆ రోజు స్టార్ట్ దగ్గర పాటలు, డప్పులు, చుట్టూ వందల మంది. వాళ్లతో పాటు కొట్టుకుపోయి మొదటి ఐదు కిలోమీటర్లు 33 నిమిషాల్లో అయిపోయాయి. ఒంట్లో బరువే తెలియలేదు. పదో కిలోమీటరు దగ్గర కూడా బాగానే ఉన్నాననుకున్నాను. పదిహేను దాటాక ఒక ఫ్లైఓవర్ ఎక్కుతుంటే కుడి పిక్క పట్టేసింది. చేత్తో నొక్కితే రాయిలా ఉంది. రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాను. కాలేజీ పిల్లాడొకడు, వలంటీరు, పరిగెత్తుకొచ్చి సగం కోసిన బత్తాయి మీద ఉప్పు చల్లి చేతిలో పెట్టాడు. ‘ఆంటీ, కూర్చోకండి, మెల్లగా నడవండి’ అన్నాడు. ఆ మాట విన్నాను కాబట్టి పూర్తి చేయగలిగాను. చివరి ఆరు కిలోమీటర్లకు గంటా పావు పట్టింది. మొత్తం 3 గంటల 12 నిమిషాలు. మొదటి ఐదు కిలోమీటర్లలో మిగిల్చుకున్న ఏడు నిమిషాలకు చివర్లో అరగంట కట్టాను.

అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఈ పద్నాలుగు వారాల్లో మీ ప్రాక్టీసు దాదాపు అంతా నెమ్మదిగానే ఉండాలి. ఎంత నెమ్మది అంటే, పక్కన కొలీగ్ ఉంటే నిన్న ఇంట్లో జరిగిందంతా ఆగకుండా చెప్పగలగాలి. రెండు ముక్కలకే ఊపిరి అందకపోతే వేగం ఎక్కువైనట్టే. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే పరుగుకు అలవాటు పడతాయి. ఎముకను కండరాన్ని కలిపే స్నాయువులకు నెలలు పడుతుంది. ఒంట్లో ఓపిక ఉంది కదా అని వేగం పెంచితే ఆ తేడాలోనే దెబ్బలు తగులుతాయి.

లెక్క వేసి చూద్దాం. హాఫ్ అంటే 21.0975 కిలోమీటర్లు. కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాల చొప్పున పోతే 2 గంటల 59 నిమిషాల్లో అవుతుంది. తొమ్మిది నిమిషాల చొప్పున అయినా 3 గంటల 10 నిమిషాలే. మీ కటాఫ్‌కి ఇంకా ఇరవై నిమిషాలు మిగులుతాయి. మీరు 10కె పరిగెత్తింది కిలోమీటరుకు ఏడు నిమిషాల 36 సెకన్ల పేస్‌తో, అంటే వేగంతో. అంటే మార్చిలో మీరు చేసినదానికంటే కిలోమీటరుకు దాదాపు నిమిషం మెల్లగా పోయినా ఎవరూ మిమ్మల్ని రోడ్డు మీంచి తప్పించరు. ఒక్కదాన్నే మిగిలిపోతానేమో అన్న భయాన్ని ఈ లెక్కతో పక్కన పెట్టేయండి.

మధ్యలో నడవొచ్చా అని మీరు అడగలేదు, అడగడానికి మొహమాటపడి ఉంటారు. నడవొచ్చు. జెఫ్ గాలోవే 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన అమెరికన్. మామూలు మనుషుల కోసం ఆయన పరుగు-నడక పద్ధతికి ప్రచారం తెచ్చారు. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం చురుకైన నడక, మళ్లీ నాలుగు నిమిషాలు పరుగు. మొదటి కిలోమీటరు నుంచే అలా చేయాలి. అలిసిపోయాక నడవడం వేరు, అలిసిపోకుండా ఉండటానికి నడవడం వేరు. పరుగు కిలోమీటరుకు 7 నిమిషాల 45 సెకన్ల చొప్పున, నడక పదిన్నర నిమిషాల చొప్పున పడినా మొత్తం 2 గంటల 53 నిమిషాల్లో పూర్తవుతుంది. మీ మోకాలికి కూడా ప్రతి ఐదు నిమిషాలకోసారి కాస్త ఊరట దొరుకుతుంది. మీకు నేను సూచించేది ఈ పద్ధతినే.

వారానికి నాలుగు రోజులు చాలు. మంగళ, గురువారాలు ఐదేసి కిలోమీటర్లు, శనివారం మూడు లేదా విశ్రాంతి, ఆదివారం లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికంటే పొడవైన పరుగు. మొదటి రెండు ఆదివారాలు 6, 7 దగ్గర ఆపేయండి, అంటే నొప్పి మొదలయ్యేలోపే. మోకాలు మాట వింటే తర్వాత 8, 9, 10, 11. ఏడో ఆదివారం వెనక్కి తగ్గి 9. ఆ తర్వాత 12, 13, 15. పదకొండో వారం మళ్లీ 11, పన్నెండో వారం 17. మొత్తం ప్రాక్టీసులో అన్నిటికంటే పెద్దది అదే. మీ పేస్‌లో దానికి దాదాపు రెండు గంటల 25 నిమిషాలు పడుతుంది. పదమూడో వారం 10, ఆ పైన ఈవెంట్. ముందుగా 21 పరిగెత్తి చూసుకోవాలనిపిస్తుంది, వద్దు. 17 చేసిన కాళ్లు ఆ రోజున మిగతా నాలుగూ లాగుతాయి. ఒక వారం జ్వరమొచ్చో, తుఫానొచ్చో తప్పిపోతే దాన్ని వదిలేయండి, తర్వాతి వారం రెండూ కలిపి చేయకండి. అక్టోబర్, నవంబర్‌లలో మీ తీరానికి తుఫాన్లు కొత్త కాదు కదా.

మీ బీచ్ రోడ్డు మీద నేనూ పరిగెత్తాను. తెన్నేటి పార్కు దాటాక కైలాసగిరి పక్కన రోడ్డు ఎక్కుతూ దిగుతూ పోతుంది. ఆర్కే బీచ్ దగ్గరి చదునులోనే ప్రాక్టీసు చేసి ఆ ఎత్తుల్ని ఈవెంట్ రోజున మొదటిసారి చూస్తే కాళ్లు బెదిరిపోతాయి. రూట్ మ్యాప్ తెప్పించుకుని చూడండి. మీ రూటు అటే వెళ్తుంటే ఆరో వారం నుంచి రెండు ఆదివారాలకోసారి లాంగ్ రన్ అటు వైపు పెట్టుకోండి. ఎక్కేటప్పుడు అడుగులు చిన్నవి చేయండి, వేగం తగ్గినా సరే ఊపిరి అదే లయలో ఉండాలి. దిగేటప్పుడు కాళ్లు బార్లా వేయకండి, ఐటీ బ్యాండ్ నొప్పి ఎక్కువగా పల్లంలోనే తిరగబెడుతుంది.

ఇంతా చెప్పాక కూడా నాకు తెలిసిన చాలామంది ఆడవాళ్లు ఎక్కడ ఆగిపోయారో చెప్పాలి. మోకాలి దగ్గర కాదు, ఆదివారం టిఫిన్ దగ్గర. లాంగ్ రన్ రెండున్నర గంటలు, వెళ్లి రావడం, స్నానం కలిపితే నాలుగు గంటలు. పిల్లలు లేచేసరికి అమ్మ ఉండదు. ఒక ఆదివారం సర్దుకుంటారు, రెండో ఆదివారం సర్దుకుంటారు, మూడోసారి చెమటతో తలుపు తీసేసరికి ఎవరూ ఏమీ అనరు గానీ గిన్నెలన్నీ సింకులో ఎదురుచూస్తుంటాయి. పరిగెత్తి వచ్చినదానికి తనే శిక్ష వేసుకుంటున్నట్టు నిలబడి దోసెలు పోస్తారు. నెల తిరిగేసరికి పరుగు మానేస్తారు. కాబట్టి ఈ వారమే మీవారితో, పిల్లలతో కూర్చుని మాట్లాడండి. సహాయం అడుగుతున్నట్టు కాదు, కుటుంబంలో ఒక పని పంచుకుంటున్నట్టు. పద్నాలుగు ఆదివారాలు, క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. ఆ రోజుల్లో టిఫిన్ మీవారిది. శనివారం రాత్రి పిండి ఫ్రిజ్‌లో ఉంటే ఇడ్లీ వేయడం పెద్ద విద్యేం కాదు. మీరు వచ్చాక గంటసేపు ఏ పనీ పెట్టుకోకండి. ఈ ఒప్పందం కుదిరితే మిగతావన్నీ కుదురుతాయి.

తెల్లవారుజామున ఒంటరిగా వెళ్లకండి. కొలీగ్ ఉన్నారుగా, ఆదివారాలు ఇద్దరూ కలిసి వెళ్లండి. ఎదురొచ్చే వాహనాలు కనిపించేలా రోడ్డుకు కుడి పక్కన ఉండండి, వెలుగు పడితే మెరిసే పట్టీ వేసుకోండి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి, వాటి కళ్లలోకి చూడకుండా నెమ్మదిగా నడుస్తూ దాటండి. పరిగెత్తితే వెంట తరుముతాయి.

ఒంటి సంగతి రెండు మాటలు. నలభై దాటారు కాబట్టి మొదలుపెట్టేముందు బీపీ, షుగర్ చూపించుకోండి, ఈసీజీ అవసరమా అని డాక్టర్‌ని అడగండి. హిమోగ్లోబిన్ తప్పనిసరిగా చూపించుకోండి. మన ఆడవాళ్లలో రక్తహీనత చాలా ఎక్కువ. ఎంత ప్రాక్టీసు చేసినా ఆయాసం తగ్గడం లేదని బాధపడేవాళ్లకు అసలు కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. పరిగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి, బిగుతు, కళ్లు తిరగడం ఉంటే అక్కడే ఆపి ఆస్పత్రికి వెళ్లాలి. ఈవెంట్ రోజు పొద్దున ముందుజాగ్రత్తగా నొప్పి మాత్ర వేసుకునే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి వద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి చెమటతో నీరు తగ్గిన ఒంట్లో కిడ్నీల మీద భారం వేస్తాయి. పైగా ఆగమని చెప్పే నొప్పిని దాచేస్తాయి.

తిండి విషయంలో ఒకటే నియమం: ప్రాక్టీసులో తిననిది ఆ రోజు తినకూడదు. పరుగుకు రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు కాస్త చక్కెరతో, లేదా ఒక అరటిపండు. సాంబారు, పప్పు, కొబ్బరి చట్నీ పక్కన పెట్టండి, దారిలో కడుపు తిప్పుతుంది. ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం గంటన్నర, రెండు గంటల పరుగుకు సరిపోతుంది. మీరు మూడు గంటలు రోడ్డు మీద ఉంటారు కాబట్టి ముప్పావుగంట తర్వాత నుంచి అరగంటకోసారి ఏదో ఒకటి పడాలి. గింజ తీసిన ఖర్జూరాలు రెండు చాలు, లేదా పరిగెత్తేవాళ్ల కోసం చిన్న ప్యాకెట్లలో అమ్మే ఎనర్జీ జెల్. రెండిట్లో మీ కడుపుకు ఏది పడుతుందో లాంగ్ రన్‌లలో తేల్చుకోండి. నీళ్లు దాహానికి తగ్గట్టు తాగండి. డిసెంబర్‌లో కూడా మీ దగ్గర గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. ఒక ఆదివారం పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు. అలాగని కనిపించిన ప్రతి టేబుల్ దగ్గరా రెండేసి గ్లాసులు తాగకండి. మితిమీరి తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అదీ ప్రమాదమే. ఇంటి నుంచి ఓఆర్‌ఎస్ కలిపిన చిన్న సీసా పట్టుకెళ్లండి.

కాటన్ టీషర్టు వద్దు, చెమటకు తడిసి బరువెక్కి ఒరుస్తుంది. చంకలు, తొడలు, స్పోర్ట్స్ బ్రా పట్టీల కింద వాజలైన్ రాసుకోండి. ఆ రోజున నెలసరి పడేలా ఉంటే కంగారు పడక్కర్లేదు. ప్యాడ్ ఒరుసుకుంటుంది గనక ఏది మీకు సౌకర్యంగా ఉందో ముందే ఒక లాంగ్ రన్‌లో చూసుకోండి. మాత్రతో వాయిదా వేయాలనిపిస్తే డాక్టర్‌ని అడగకుండా వేసుకోకండి.

ఈవెంట్ రోజుకి బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం), పిన్నీసులు, బట్టలు ముందు రాత్రే మంచం పక్కన పెట్టుకోండి. నిద్ర పట్టదు, పర్వాలేదు. అంతకు ముందు రోజు రాత్రి బాగా పడుకుంటే చాలు. స్టార్ట్ దగ్గర వెనక నిలబడండి. మీ సమయం చిప్ మీద, మీరు గీత దాటినప్పటి నుంచి నమోదవుతుంది. మూడు గంటల పేసర్ (మూడు గంటల్లో ముగిసేలా ఒకే వేగంతో ముందు పరిగెత్తేవారు) జెండా కనిపిస్తే ఆ గుంపు వెనకే ఉండండి, వాళ్లని దాటాలన్న ఆలోచన పదహారో కిలోమీటరు దాకా పెట్టుకోకండి. మొదటి కిలోమీటర్లలో మీ పక్క నుంచి చాలామంది దూసుకుపోతారు. మీ వాచీలో పరుగు, నడక కలిపిన సగటు కిలోమీటరుకు ఎనిమిది నిమిషాల కంటే తక్కువ కనిపిస్తే వెంటనే వేగం తగ్గించండి. పదహారు దగ్గర అలసట కాకుండా అసలు నొప్పి, అంటే అడుగు వేస్తే నడక మారిపోయేంత నొప్పి ఉంటే ఆగి మెడికల్ టెంట్‌కి వెళ్లండి, వచ్చే ఏడాది కూడా డిసెంబర్ వస్తుంది. లేదంటే నాలుగు, ఒకటి, నాలుగు, ఒకటి అని లెక్కపెట్టుకుంటూ వచ్చేయండి. గీత దాటగానే కూర్చోకుండా పది నిమిషాలు నడవండి.

ఫినిష్ దగ్గరికి అత్తయ్య గారిని, పిల్లల్ని రమ్మనండి. పరుగు మొదలైన రెండుముప్పావు గంటల తర్వాత వస్తే చాలు, అంతకు ముందు వచ్చి ఎండలో నిలబడక్కర్లేదు.

ఈ వారం మీరు చేయాల్సినవి మూడే. ఫిజియో అపాయింట్‌మెంట్, హిమోగ్లోబిన్ పరీక్ష, ఆదివారం టిఫిన్ ఒప్పందం. నాలుగో ఆదివారం 9 కిలోమీటర్లు అయ్యాక మోకాలు ఎలా ఉందో, ఎన్నో కిలోమీటరు దగ్గర ఏమనిపించిందో రాయండి. నొప్పి అలాగే ఉంటే ఆ పై వారాల లెక్క మార్చుకుందాం.